అత్తయ్య ఉత్తరాల ఫైలు

ఏప్రిల్ 9

అత్తయ్యా,

ఉద్యోగంలో చేరి పదకొండు రోజులైంది. ఇప్పటిదాకా ఒక్క ముక్క రాయలేదని మూతి ముడుచుకుని ఉంటావని తెలుసు. ఫోన్ చేద్దామంటే నీకు అందులో గరగర తప్ప ఏమీ వినపడదు. గొంతు పెంచి చెప్దామంటే హాస్టల్లో పక్కగది వాళ్ళకి మన ఇంటి గుట్టంతా తెలిసిపోతుంది. అందుకని కాగితమే నయం.

మా ఆఫీసు రెండో అంతస్తులో. కింద చెప్పుల షాపు. మెట్లెక్కి వచ్చేవాళ్ళ మొహం చూసి వాళ్ళది ఏ గదో చెప్పేయొచ్చంటారు మా గుమాస్తా గారు. మొదటి గది కుటుంబాలది: విడాకులు, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలన్న తగువులు, తమ పని తాము చూసుకోలేని వాళ్ళకి సంరక్షకుణ్ణి పెట్టడాలు. అక్కడ ఎప్పుడూ ఒక మంచినీళ్ళ జగ్గు, చేతిరుమాళ్ళ డబ్బా ఉంటాయి. రెండో గదిలో అద్దె ఇళ్ళ గొడవలు, ఆస్తి పంపకాలు. మూడో గదిలో యాక్సిడెంట్లు, ఉద్యోగాల్లోంచి తీసేసిన వాళ్ళు, పోలీసు కేసులు. చివర కిటికీ పక్కన చిన్న గది ఒకటుంది, వీలునామాలది. నన్ను అక్కడ కూర్చోబెట్టారు. "చావుకి దగ్గర గదేగానీ గాలి బాగా వస్తుందమ్మా" అన్నారు గుమాస్తా గారు.

మా సీనియర్ నాన్నతో కలిసి చదువుకున్నాయనే కదా, నాన్న మాట మీదే నన్ను తీసుకున్నారు. మనిషి నవ్వడు. అడిగినదానికి ఒక మాట, అడగనిదానికి ఒక చూపు. పని మాత్రం బాగా తెలిసిన మనిషి.

ఒక సంగతి. హాస్టల్ వార్డెన్ ఉత్తరాలన్నీ బల్లకింద పడేసి మర్చిపోతుంది. నువ్వు ఆఫీసు అడ్రసుకే రాయి.

నీ మేనకోడలు, ఇప్పుడు నల్లకోటుతో సహా


ఏప్రిల్ 17

లాయరమ్మకి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే నీ కుశలం నువ్వు రాయలేదు, నా కుశలం నువ్వు అడగలేదు. కాబట్టి నేరుగా సంగతుల్లోకి వస్తున్నాను.

మెట్లెక్కే వాళ్ళ మొహం చూసి గది చెప్పడం ఒక గొప్పా? మన టైలరు షాపు గుమ్మం దాటేలోపు నేను నడుం కొలత చెప్పేస్తాను. టేపు తీసేది వాళ్ళ తృప్తి కోసం. నిన్న ఒకాయన లోపలికొచ్చి "ముప్పై నాలుగు" అన్నాడు. "ముప్పై ఎనిమిది, ఊపిరి వదలండి" అన్నాను.

కత్తెర కోసం మొన్న గంటసేపు ఇల్లంతా తిరగేశాను. చివరికి మీ మామయ్య ఫోటోని అడిగితే, "నీ మెడలోనే వేలాడుతోంది చూసుకోవే" అన్నారు. పోయి తొమ్మిదేళ్ళయినా ఆ మనిషికి నోటిదురుసు తగ్గలేదు. ఆ కంగారులో పొయ్యి మీద పాలు మాడిపోయాయి. పొగ చూసి గుండీలమ్మ నీళ్ళ బకెట్టుతో పైకి పరుగెత్తుకొచ్చింది. నాకు మతి పోయిందని ఆవిడ ఎప్పుడో తీర్మానించేసింది.

ఆవిడ గురించే అసలు మాట. పద్దెనిమిదేళ్ళ కిందట గుండీలు కుట్టడానికి చేరింది కాబట్టి గుండీలమ్మ అయింది గానీ, ఇవాళ సగం షాపు ఆవిడ చేతిమీదే నడుస్తోంది. కింద షాపు, పైన నేనుండే రెండు గదులు, అన్నీ నా తర్వాత ఆవిడకి రాద్దామనుకుంటున్నాను. బతికున్నంత కాలం నేనే ఉంటాను, నా మిషను మీద నేనే కుడతాను. మూల స్థలం కదా, ఎవరో బిల్డరు మీ నాన్న చెవిలో ఊదుతున్నాడు. వచ్చినప్పుడల్లా "అక్కా, ఈ వయసులో ఈ మెట్లు ఎందుకు" అంటాడు. మెట్లు నావి, మోకాళ్ళు నావి, వాడికెందుకు బాధ?

నీ గదికి మొదటి గిరాకీ నేనే అవుతాను. మీ నాన్నకి మాత్రం ఇప్పుడే చెప్పకు. చెవిలో జోరీగలా పోరుతాడు.

అత్తయ్య


ఏప్రిల్ 26

అత్తయ్యా,

నీ ఉత్తరం ఆఫీసులో పెద్ద సంచలనం. మా గుమాస్తా గారికి ఒక వ్రతం ఉంది. ఈ అడ్రసుకి వచ్చిన ప్రతి కవరూ ఆయనే చింపాలి, రిజిస్టర్లో ఎక్కించాలి, ముద్ర కొట్టాలి, నకలు తీసి ఫైలు చేయాలి. అది కోర్టు నుంచి వచ్చినా, అత్తయ్య నుంచి వచ్చినా ఆయనకి ఒకటే. నా చేతికి వచ్చేసరికి నీ అక్షరాల మీద ఊదారంగు ముద్ర, పక్కన నంబరు. ముందు నాకు ఒళ్ళు మండింది. కానీ ఆయన కళ్ళు తుడుచుకుంటూ, "ఊపిరి వదలండి అందా!" అని నవ్వుతుంటే ఏమనగలను? మూడు గదుల వాళ్ళూ వచ్చి చదివి నవ్వారు.

వీలునామా మాట సీనియర్ గారికి చెప్పాను. నా మొదటి కేసు కదా, దాచుకోలేకపోయాను. ఆయన నవ్వలేదు, ఉత్తరం రెండుసార్లు చదివారు. "క్లయింటు రాసిన ఒక్క చీటీ కూడా పోకూడదు. అన్నీ ఒక ఫైల్లో పెట్టు" అన్నారు. "తొందరేం లేదు, ఇంకా వివరంగా రాయమను" అని కూడా అన్నారు. చూశావా, నిన్ను ఎంత పట్టించుకుంటున్నారో.

నాన్నకి నేను చెప్పలేదు.

నీ లాయరు


మే 8

లాయరమ్మకీ, ముద్రగారికీ, మూడు గదుల వారికీ,

ఇంతమంది చదువుతారని తెలిస్తే మొదటి ఉత్తరం ఇంకాస్త మంచి కాగితం మీద రాసేదాన్ని. మీ ముద్రాయనకి ఈసారి కడుపు చెక్కలవ్వాలని పనిగట్టుకుని కూర్చున్నాను.

మీ మామయ్య ఇప్పుడు షాపు పనిలో కూడా వేలు పెడుతున్నారు. ఫలానా ఆవిడ జబ్బ కొలత తప్పు రాశావు, సరిచెయ్యి అని గోడ మీంచి కేకలు. నేను వినకపోతే అలిగి ఫోటోలో మొహం పక్కకి తిప్పుకుంటారు. మొన్న బజారుకి వెళ్ళి తిరిగొస్తూ ఎవరింటి తలుపో తాళం తీయబోయాను. లోపలినుంచి ఒకావిడ వచ్చి "ఎవరు కావాలండీ" అంటే, "మీరెవరు, మా ఇంట్లో ఏం చేస్తున్నారు?" అని దబాయించాను. గుండీలమ్మని చూసి పోస్టాయన అనుకుని ఉత్తరం చేతికిచ్చాను, ఆవిడ నోరు వెళ్ళబెట్టింది.

ఇందులో ఎంత నిజమో, ఎంత మీ కోసం కలిపానో లాయర్లు కదా, మీరే తేల్చుకోండి.

వీలునామా ఏమైంది? ఒక కాగితం రాయడానికి ఇన్నాళ్ళా? నేనైతే ఈపాటికి రెండు కోట్లు కుట్టి కాజాలు కూడా వేసేదాన్ని.

అత్తయ్య


మే 21

అత్తయ్యా,

నీ ఉత్తరం అందింది. ఈసారి ఎవరూ బయటికి నవ్వలేదు. గుమాస్తా గారు ముద్ర కొట్టి, నకలు తీసి, నా వైపు చూడకుండా ఇచ్చి వెళ్ళారు.

నిన్న నాన్న మా ఆఫీసుకి వచ్చాడు. నాతో ఒక్క మాట చెప్పలేదు వస్తున్నట్టు. సీనియర్ గారి గదిలో తలుపులు వేసుకుని గంటకి పైగా కూర్చున్నారు. బయటికొచ్చి నన్ను చూసి, ఎవరో స్నేహితుడి యాక్సిడెంటు కేసు అన్నాడు. యాక్సిడెంటు కేసులు మూడో గదివి. వాళ్ళని అడిగితే అలాంటి కేసేదీ రాలేదన్నారు.

ఇవాళ నా బీరువాలో నీ ఫైలు లేదు. మొదటి గదికి వెళ్ళిందట. వీలునామా ఫైలుకి అక్కడేం పని అని అడిగితే గుమాస్తా గారు రిజిస్టర్ మూసేసి టీకి వెళ్ళిపోయారు. నాకేమీ బాగా అనిపించడం లేదు. నాన్న నీతో ఏమైనా అన్నాడా?

నీ మేనకోడలు


మే 30

ఒసే పిరికిదానా,

మీ నాన్న నీ ఆఫీసుకి రావడం నీకు అనుమానం, నాకు సంతోషం. వాడికి వీలునామా సంగతి ఎలాగో తెలిసిపోయింది. నేను గొడవకి నడుం బిగించి కూర్చుంటే, వాడు బుద్ధిగా "నీ ఇష్టం అక్కా, నీ ఆస్తి. కావలసిన కాగితాలు నేనే చేయిస్తాను" అన్నాడు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తమ్ముణ్ణి ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నానే అని సిగ్గేసింది.

గురువారం ఒక స్నేహితుణ్ణి వెంటపెట్టుకొచ్చాడు. డాక్టరట. చక్కటి మనిషి, భుజాలు పదిహేడున్నర, కోటు మాత్రం ఎవడో కసిగా కుట్టాడు. కూర్చుని కబుర్లు మొదలుపెట్టాడు. ఇవాళ ఏ వారం అని అడిగాడు. ఇదేం ప్రశ్నరా అని, "మీరొచ్చారు కాబట్టి ఆదివారం" అన్నాను. నా వయసెంత అన్నాడు. పెద్దవాళ్ళనైనా ఆడవాళ్ళని అడిగే మాటేనా అది? "ఇరవై రెండు, పెళ్ళిచూపులకొచ్చారా?" అన్నాను. ఒక గడియారం బొమ్మ వేయమన్నాడు. గుండ్రంగా గీసి, ముళ్ళు లేకుండా ఇచ్చి, "రిపేరుకిచ్చాను, రేపు రండి" అన్నాను. నవ్వుతాడనుకుంటే, తల దించుకుని పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. మీ ఆఫీసు జాతే కాబోలు.

తర్వాత మీ నాన్న కాగితాలు తీశాడు. పైన నీ ఆఫీసు పేరు చూడగానే ప్రాణం లేచొచ్చింది. నా మేనకోడలి ఆఫీసు కదా అని కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, చూపించిన చోటల్లా సంతకం పెట్టాను. అయిదో, ఆరో. వీలునామాకే అన్నాడు.

ఇక నిశ్చింతగా ఉండు.

అత్తయ్య


జూన్ 5

అత్తయ్యా,

ఇకమీదట ఉత్తరాల్లో హాస్యాలు వద్దు. మామయ్య ఫోటో మాట్లాడిందని రాయకు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకు, మా ఆఫీసు పేరున్నా సరే. ఆ డాక్టరు మళ్ళీ వస్తే అడిగినదానికి సరైన జవాబు చెప్పు, లేదా అసలు మాట్లాడకు. వీలునామా మాట ప్రస్తుతానికి ఎత్తకు. ఆఫీసుకి రాయకు. నా స్నేహితురాలి అడ్రసు వెనక రాశాను, అక్కడికి రాయి.

ఎందుకని అడగకు. చెప్పడానికి లేదు. నన్ను నమ్ము.

నీ మేనకోడలు


జూన్ 14

గౌరవనీయులైన లాయరు గారికి,

నమ్మమంటున్నావు. ఏమని నమ్మమంటావు?

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. గుండీలమ్మకి రాస్తానన్నది నీకు కంటగింపైందని నాలుగోసారికి అర్థమైంది. వీలునామా ఎత్తకు, సంతకం పెట్టకు! అంటే ఉన్నది ఉన్నట్టు మీ నాన్నకి, ఆ తర్వాత నీకు రావాలి. ఆ మాట మొహం మీద అడిగి ఉంటే నవ్వుతూ ఇచ్చేదాన్నేమో. నీ మొదటి గౌను నుంచి నల్లకోటు దాకా నా చేత్తో కుట్టాను, ఒక్కటైనా బిగుతయ్యేలా కుట్టానా? అలాంటిది నాకు మాట్లాడటం నేర్పిస్తావా? నా మాటలు నీకు నామోషీ అయ్యాయా?

మీ నాన్నే నయం. వారం నుంచి వచ్చి ముందుగదిలో ఉంటున్నాడు, నన్ను చూసుకోవడానికి. షాపుకి రంగులు వేయిస్తానని గుండీలమ్మని నెలరోజులు రావద్దన్నాడు. పోస్టు కూడా వాడే తెస్తున్నాడు, నాకు మెట్లు దిగే పని లేకుండా.

నీ స్నేహితురాలి ఇంటికి నేనెందుకు రాయాలి? ఇది ఆఫీసుకే పంపుతున్నాను. అందరూ చదవనీ, ముద్ర కొట్టుకోనీ. నీకు కావలసింది కూడా రాసిస్తున్నాను, తీసుకో: నాకు మతి లేదు. నాకు ఏమీ తెలియదు. నా పనులు నేను చూసుకోలేను. నా తరఫున ఇకపై తెలివైనవాళ్ళే అన్నీ చూసుకోవచ్చు. ఇది నా ఇష్టపూర్వకంగా రాసి సంతకం చేసినది.

చాలా?

అత్తయ్య


జూన్ 20

అత్తయ్యా, నా తల్లీ,

ఇది ఒంటరిగా కూర్చుని, ఒకటికి రెండుసార్లు చదువు.

నాన్న నీ మీద కేసు వేశాడు. నీకు మతిస్థిమితం లేదని, నీ ఒంటికీ ఆస్తికీ తనని సంరక్షకుడిగా పెట్టమని. అది గెలిస్తే నీ సంతకం చెల్లదు. నువ్వు వీలునామా రాయలేవు, షాపు నడపలేవు, ఎక్కడ ఉండాలో కూడా నువ్వు చెప్పలేవు. బిల్డరుతో మాట అప్పుడే అయిపోయిందట. కేసు వేసింది మా ఆఫీసే. నీకు వీలునామా అని చెప్పి సంతకాలు పెట్టించినవి కోర్టు నోటీసు అందిందన్న కాగితం, సంరక్షకుణ్ణి పెట్టడానికి నీకు అభ్యంతరం లేదన్న కాగితం. వచ్చిన డాక్టరు రిపోర్టు ఇచ్చాడు. నువ్వు గీసిన గడియారం అందులో ఉంది.

నీ ఉత్తరాలు కూడా ఉన్నాయి. నేను ఆఫీసు అడ్రసుకి రాయమన్నాను. నేనే మొదటి ఉత్తరం సీనియర్ గారి చేతిలో పెట్టాను. ఆయన అదే రోజు నాన్నకి కబురు పెట్టారు. ముద్ర పడిన ప్రతి నకలూ ఇప్పుడు సాక్ష్యం. మామయ్యతో మాటలు, ఎవరింటి తాళమో తీయడం, గుండీలమ్మని పోల్చుకోలేకపోవడం, అన్నిటికిందా ఎర్ర గీతలు గీశారు. పద్నాలుగో తేదీ ఉత్తరం ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టారు.

నాకు జూన్ రెండునే తెలిసింది. "ఈ గుమ్మం లోపల విన్నది గుమ్మం దాటితే నీ లైసెన్సు నేనే తీయిస్తాను" అన్నారు సీనియర్. భయపడ్డాను. చెప్పకుండానే నిన్ను కాపాడొచ్చనుకుని డొంకతిరుగుడుగా రాశాను. ఆ తెలివే నీ కొంప ముంచింది. ఇవాళ ఉద్యోగం వదిలేశాను. లైసెన్సు పోతే పోనీ.

విచారణ జూలై 2న. గుండీలమ్మని, నీ కొలతల పుస్తకాలని, పాత గిరాకీలని పదిమందిని తీసుకునిరా. నేను ఆదివారం వస్తున్నాను. అప్పటిదాకా నాన్నతో ఏమీ అనకు.

నన్ను తిట్టు, కొట్టు, కానీ ఈ ఉత్తరం నమ్ము.

నీ మేనకోడలు


జూలై 4

అత్తయ్యా,

ఇది గుండీలమ్మ చేతికి ఇస్తున్నాను. నీ దాకా వస్తుందో రాదో తెలియదు.

ఆదివారం వచ్చాను. నాన్న మెట్ల దగ్గరే ఆపేశాడు. నువ్వు పడుకున్నావన్నాడు. కింద నుంచి అరిచాను, నీకు వినపడి ఉండదు. నా జూన్ ఇరవై ఉత్తరం నీకు చేరలేదని కోర్టులో నిన్ను చూడగానే తెలిసింది. ఇస్త్రీ బట్టలు కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, నన్ను చూసి కోపం మర్చిపోయి చెయ్యి ఊపావు.

అక్కడ జరిగినదాంట్లో సగం నీకు వినపడలేదు. గిరాకీల మాటలకి ఊపినట్టే అన్నిటికీ తల ఊపుతూ కూర్చున్నావు. అందుకే రాస్తున్నాను, నీకు తెలియాలి.

మా సీనియర్ నీ ఉత్తరాలు ఒక్కొక్కటీ పైకి చదివారు. ఆయన గొంతులో అవి వింటే నాకే భయమేసింది. ఒక్కరూ నవ్వలేదు. జడ్జి నీ దగ్గరికి పంపి, ఈ రాత మీదేనా అని అడిగారు. నువ్వు చూసి, "నాదే, ఇంత బాగా ఇంకెవరు రాస్తారు?" అన్నావు. నేను లేచి, అవి హాస్యానికి రాసినవి అన్నాను. హాస్యమైతే డాక్టరు ముందు కూడానా అన్నారు సీనియర్. నేను ఆఫీసు రహస్యం బయటపెట్టి పారిపోయిన జూనియర్‌నని, తండ్రి మీద పగబట్టిన కూతురినని చెప్పి కూర్చోబెట్టారు. గుండీలమ్మ మాట్లాడితే, ఆస్తి ఆవిడకే వస్తుందట కదా అన్నారు.

చివరికి జడ్జి తనే ముందుకు వంగి గట్టిగా అడిగారు, మీరు ఇవాళ ఇక్కడికి ఎందుకొచ్చారో తెలుసా అమ్మా అని. అది నీకు బాగా వినపడింది. "తెలియకేమండీ, నా వీలునామా రాయించుకోవడానికి" అన్నావు. నాన్న అలా చెప్పే తీసుకొచ్చాడు కదా. జడ్జి కళ్ళజోడు తీసి నీ వైపు చూశారు. చెడ్డమనిషి కాడు. జాలిపడి, నాన్నని నీకు సంరక్షకుడిగా పెడుతూ తీర్పు రాసేశాడు.

పై కోర్టుకి వెళ్తాను. దానికి నీ సంతకం కావాలి, ఆ సంతకం చెల్లాలంటే పక్కన నాన్న సంతకం ఉండాలట. వేరే దారి కోసం ఇద్దరు లాయర్ల చుట్టూ తిరుగుతున్నాను. దొరుకుతుంది. నువ్వు నాకు రెండు ముక్కలు రాయి. ఏదైనా సరే, నన్ను తిడుతూ అయినా సరే. నీ రాత చూస్తే నాకు ధైర్యం వస్తుంది.

నీ మేనకోడలు


జూలై 19

చిరంజీవి మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది. విషయాలు తెలిశాయి. నాకు నీ మీద కోపం లేదు.

నా ఆరోగ్యం బాగున్నది. వేళకి తింటున్నాను, వేళకి పడుకుంటున్నాను. షాపు మూసివేశారు. మిషను గుండీలమ్మకి ఇమ్మని చెప్పాను. ఆలోచిస్తామన్నారు. వచ్చే నెల నన్ను వేరే చోటికి మారుస్తారు. అక్కడ మెట్లు ఉండవట. నా గదిలో నాతోపాటు ఇంకొక ఆవిడ ఉంటుందట.

నిన్న ఒక తమాషా జరిగింది. రాద్దామని కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. మళ్ళీ వద్దనుకున్నాను.

నువ్వు వేళకి తిను. ఎండలో తిరగకు.

అత్తయ్య

చదివాను. పంపవచ్చు.
— సంరక్షకుడు